డబ్బా మీద తవిటమ్మ

హలో… ఆ, నానే. తవిటమ్మనే మాటాడతన్నాను, సెప్పు.

…ఎవురూ? …ఆ, బామ్మ క్రంచ్ కంపెనీయా! అమ్మయ్య. వారం నుంచి మీ ఫోను కోసమే సూస్తన్నాను తల్లీ. పొలం ఎల్లినా కొంగున కట్టుకునే ఎల్తన్నాను.

…నీ పేరేటి? …అనూరాధ. బాగుంది.

…ఇదంతా రికార్డు అవుతాదా? అవనీ. నా మాట మీ కాడ రికార్డు అవడం కొత్తేటి కాదు. గొడవంతా దాని గురించే కద.

…ఆగాగు. మళ్లీ మొదట్నుంచి సెప్పాలా? ముందర ఒకమ్మాయికి సెప్పినాను. ఆదివారం ఇంకో బాబుకి సెప్పినాను. ఆ బాబు అంతా ఇని, 'మీ ఫిర్యాదు మాకు చాలా విలువైనదండీ' అని పెట్టీసినాడు. మరీ ఇలువైనదని ఎక్కడో బీరువాలో పెట్టి తాళమేసుంతాడు, నీదాకా రానేదు.

…సర్లే, రాసుకో. ఊరు రామతీర్థం పక్కన, కొండకి అవతలేపు. …పిన్‌కోడా? అది తెల్దు. ఉత్తరం ఎవురు రాస్తారమ్మా ఇప్పుడు.

…అరవై రెండు. …సంతకం వస్తాది. కానీ ఎవురూ అడగరు, ఏలుముద్రే అడుగుతారు. అదీ సెప్తాను, తొందరపడకు.

…కంప్లైంటు ఏటంటావా? మీ డబ్బా ఒకటి నీ కాడ ఉందా? …బల్ల మీదే ఉందా. అయితే ముందుపక్క సూడు. ఎర్రకోక, ముక్కుకి రెండేపులా ముక్కుపుడకలు, సేతిలో మట్టికుండ, ఎనకాల సోళ్ల సేను… కనబడిందా? ఆ ముసిల్ది నానే.

…నిజంగానే.

…అబద్ధమెందుకు ఆడతాను! ఆ కుండ మాదే, ఇప్పుడు నా పక్కనే ఉన్నాది. మూతి కాడ కుడిపక్క సిన్న పెచ్చు ఊడుంతాది, సూడు. …కనబడిందా? మరి! మీయోళ్లు నా మొకం మీద ముడతలన్నీ తుడిసీసినారు గాని కుండ పెచ్చు మర్సిపోనారు.

…నవ్వుకో తల్లీ, పర్లేదు. ఊరంతా నవ్వుతన్నారు, నువ్వెందుకు మానాల.

…అక్కడికే వస్తన్నాను. పోయిన కార్తీకంలో సోళ్లు కోస్తన్నాం. …సోళ్లు అంటే తెల్దా? రాగులు. మీ హైదరాబాదులో రాగులంతారు. ఆ, అవే. గిరిబాబు అని ఒకాయన వచ్చినాడు. మెడలో బిళ్ల, సేతిలో ట్యాబు. గట్టు మీద నిలబడి, 'అమ్మా, ఈ వయసులో ఇంత గట్టిగా ఉన్నావు, పొద్దున్నే ఏం తింటావు?' అనడిగినాడు. ఏటి సెప్తాను? ఉన్నదే సెప్పినాను. 'సోడంబలి బాబూ. ఏబై ఏళ్లుగా ఇదే. నా మనవరాలికీ ఇదే' అన్నాను. గట్టు మీద కుండుంటే ఎత్తి సూపించినాను. ఒక గళాసుడు పోసిచ్చినాను కూడా. తాగినాడు. బాగుందని ఇంకో గళాసుడు పోయించుకున్నాడు.

…ఆ, ఆ తరవాతే. ట్యాబు ముందర పెట్టి ఏలుముద్ర ఎయ్యమన్నాడు. ఏసీసినాను.

…సదవకండా ఎలగేసినావంతావా? మాకు ఏలుముద్ర కొత్తా తల్లీ? బియ్యానికి ఏలుముద్ర, పింఛనుకి ఏలుముద్ర, ఇత్తనాలకి ఏలుముద్ర. ఆ వారమే ఆపీసోళ్లు పంట రాసుకోడానికి ఊళ్లో తిరుగుతన్నారు. మెడలో బిళ్ల, సేతిలో ట్యాబు ఉన్నోడు గట్టెక్కినాడంటే పంట రాసుకోడానికే అనుకున్నాను. ఆ మిషను కనబడితే సాలు, మా బొటనేలు దానంతటదే లేస్తాది.

…ఇంకా ఉంది ఇను. మర్నాడు నిజం ఆపీసోళ్లు వచ్చినారు. 'నిన్ననే రాసీసినారు బాబూ, ఎల్లండి' అని నానే పంపీసినాను. ఏలుముద్ర కూడా ఏసీసినానని గట్టిగా మాటాడినాను. అక్కడితో పోయినేడు పంట పుస్తకంలో నా సేను నేదు. మీ డబ్బా మీద ఉన్నాది.

…ఆ, పాపం అను. నిజంగా పాపమే.

…డబ్బా ఎప్పుడు సూసినానా? వేసంగిలో. మా కోడలు తెచ్చింది. రేఖ. జూట్ మిల్లుకెల్తాది, మొదటి బస్సుకి. 'అత్తా, నువ్వే! నువ్వే!' అని గుమ్మంలోంచే కేకలేసుకుంటా వచ్చినాది. సదివి ఇనిపించినాది. 'యాభై ఏళ్లుగా ఇదే. నా మనవరాలికీ ఇదే. తవిటమ్మ, రైతు.' …ఆ, అలగే ఉందా నీ డబ్బా మీద కూడా? మాట నాదే. కాదన్ను. కానీ మధ్యలోంచి సోడంబలి అన్న మాట తీసీసి, ఆ ఖాళీలో మీ డబ్బా ఎట్టీసినారు.

…సంతోషించినానా? అడిగినావు కాబట్టి సెప్తాను. మొదటిరోజు సంతోషించినాను. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని సూసుకున్నాను. మా అబ్బాయి మోహనకృష్ణ సాలూరు లారీ మీద పని సేస్తాడు, ఆడైతే ముందరి అద్దానికి అంటించీసినాడు నా బొమ్మ. నాను ఎప్పుడూ ఇసాపట్నం దాటనేదు గాని నా మొకం రాయపూర్ ఎల్లొచ్చినాది.

…మరి ఎప్పుడు తెల్సిందా? ఆ రేతిరే. ఎలగంటావా? నవ్వకు మరి.

కుండ పట్టుకున్న బొమ్మ నాది, సేను నాది, మాట నాది. లోపలున్నవి నా సోళ్లే అనుకున్నాను. సోళ్లు ఏటి సేస్తామమ్మా? పొద్దుగూకినాక పిండి నీళ్లలో కలిపి కుండలో పులవబెడతాం. మీ డబ్బా కూడా అలగే కుండలో పోసి, నీళ్లు పోసి, మూతేసి పడుకున్నాను.

…సెప్పినాను కద నవ్వకని!

తెల్లారి లేసి సూద్దును కదా, గుమ్మం కాడ్నుంచి కుండదాకా సీమలు. ఒక్క వరస కాదు, రెండు వరసలు. ఎల్లేవి ఎల్తన్నాయి, వచ్చేవి వస్తన్నాయి. ఏబై ఏళ్లుగా అంబలి కుండ అక్కడే పెడతన్నాను తల్లీ, ఒక్క సీమ కన్నెత్తి సూడనేదు. అప్పుడనుకున్నాను, ఓలమ్మో, ఇది నాను కాదు అని.

…ఆ, అదే. పంచదార.

…ఏటి, 'సహజమైన తీపి'యా? సీమకి సహజమేటో అసహజమేటో తెల్దా? నువ్వే సదువు. ఎనకపక్క సిన్న అచ్చరాలుంతాయి సూడు. నాకు అద్దాలు సాలవు, మా కోడలికి కళ్లు లాగుతాయంతాది. ఇయాల్టిదాకా మా ఇంట ఎవురూ పూర్తిగా సదవనేదు. సదువు తల్లీ.

…మొక్కజొన్న రవ్వ. ఆ. …పంచదార. రెండోదే వచ్చీసినాది! ఆ. …గ్లూకోజు పాకం. అది పంచదారకి తమ్ముడు. …పామాయిలు. …ఉప్పు. …సోళ్ల పిండి ఎంతా?

…నూటికి తొమ్మిదా?

…సరిగ్గా సూడు తల్లీ, తొంబయ్యేమో. …తొమ్మిదే.

మరి నా మొకం నూటికి నూరు ఎందుకేసినారు? తొమ్మిది పాళ్లే ఎయ్యాల. ముక్కు కొస, ఒక ముక్కుపుడక ఏసుకుంటే సరిపోను.

…ఇటమిన్లు కలిపినారా? ఐరన్ను కూడా కలిపినారా? ఎందుకు కలిపినారు? …మిషన్లో ఆడించి ఏపినప్పుడు పోయినవా. అంటే ఉన్న సత్తువ తీసీసి, మళ్లీ సీసాలోది తెచ్చి కలిపి, కలిపినామని పెద్ద అచ్చరాలతో రాసుకున్నారు. మా ఇంటాయన కూడా అంతే. ఉన్న కంచె ఇప్పీసి మళ్లీ కట్టీవోడు, పొద్దుపోయేదాకా పని సేసినట్టు కనబడాలని.

…సెప్పు, ఇంకేటి రాసుంది? …ఒకసారికి ముప్పై గ్రాములు. అంటే గుప్పెడు. …పాలతో కలిపి తింటే బలమా? మరి ఆ బలం పాలది కాదా తల్లీ? ఉత్త పాలు తాగినా వస్తాది కదా అది?

…ఇంకోటుంది. బొమ్మలో గిన్నె నిండా బాదంపప్పు, అరటిపండు, ఎర్రెర్రగా ఏవో పళ్లు. డబ్బా బోర్లించి కొట్టినా ఒక్క పప్పు రాల్నేదు. మా మనవరాలు ఏడ్సినాది. …ఎక్కడ రాసుందీ? …కింద, మూలని. 'బొమ్మ సూచన మాత్రమే.' ఓహో.

మరి నా బొమ్మా? అదీ సూచన మాత్రమేనా?

…సెప్పు తల్లీ. నిన్ను తిట్టట్లేదు, నిజంగానే అడుగుతన్నాను.

…తిట్టడానికైతే ఫోనే సెయ్యను. సూడు, అంబలి తాగితే నూరేళ్లు బతుకుతారని నాను అన్నేదు. అందులో కూడా నీళ్లెక్కువ పోస్తే ఉత్త నీళ్లే. మా అత్త అలగే పోసీది, గళాసులో మొకం సూసుకునీవోళ్లం. ఎప్పుడైనా పండక్కో పబ్బానికో మీ డబ్బా తింటే పిల్లలకి ఏటీ అవదు. జంతికలు తినరా, జిలేబీ తినరా? కానీ జిలేబీ డబ్బా మీద 'నా మనవరాలికి రోజూ ఇదే' అని ఎవురూ రాయరు కదా.

…ఊళ్లోనా? ఊళ్లో ఇంకా ఘోరం. నరసింగరావు కొట్టు ముందర నా డబ్బాలు గోపురంలా పేర్సినాడు. ఎవురైనా కొందునా వద్దా అని ఆగితే, 'తవిటమ్మే తింతంది, నీకేటి?' అంతాడు. మా ఊళ్లో పిల్లలకి ఏడాది నిండితే తొలి అంబలి నా సేత్తోనే పట్టిస్తారు. నా సెయ్యి మంచిదని ఆళ్ల నమ్మకం. ఎంతమందికి పట్టినానో లెక్కనేదు. ఇప్పుడు ఆ తల్లులే డబ్బా తెచ్చి 'నీ సెయ్యే కదా పిన్నీ, డబ్బా మీదుంది' అంతన్నారు. నా సెయ్యి ఉన్నాది తల్లీ. సేతిలోదే మారిపోనాది.

…అసలు సంగతా? అసలు సంగతి ఇప్పుడు సెప్తాను. ఇంతసేపూ సెప్పింది నవ్వుకోడానికి.

మా గుంట… నా మనవరాలు. అమ్మడు. మూడో తరగతి. రెండు వారాల కిందట సోమారం బడిలో ప్రార్థన కాడ పడిపోనాది. పాట పాడతా పాడతా కూలబడిపోనాది. మేస్టారు సైకిల్ మీద ఇంటికి తెచ్చినారు.

…ఆ, ఇప్పుడు బాగానే ఉంది. నర్సమ్మ రక్తం సూసినాది. తక్కువుందంట. 'పొద్దున్నే ఏం తింటంది?' అనడిగినాది. నాను డబ్బా సూపించినాను. నర్సమ్మ డబ్బాకేసి సూసినాది, నాకేసి సూసినాది. తిట్టినా బాగుండును.

…లేదు లేదు, మీ డబ్బా వల్లే పడిపోనాదని నాననను. నర్సమ్మా అలగన్నేదు. కడుపునిండా తినాల, ఆకుకూర తినాల, గుడ్డు తినాల, పొద్దుట ఏదైనా గట్టిగా పడాల అన్నాది. మూడు నెలల్నుంచి ఆ గుంట ఏడింటికి గుప్పెడు తిని ఎల్తంది, మళ్లీ మజ్జానం బడిలో అన్నం పెట్టేదాకా ఏటీ నేదు. ఆ సీమల్ని సూసిన రోజే డబ్బా తీసుకెల్లి పెంటలో ఎయ్యాల్సింది. ఎయ్యనేదు. ఎందుకంటే దాని మీద నా బొమ్మ ఉన్నాది. నా మొకం నాను పెంటలో ఎలగేసుకుంతాను?

…మా కోడలి తప్పు కాదు. దాన్ననకు. అంబలి కాయాల, సల్లార్చాల, మజ్జిగ కలపాల, ఆ గుంటని బతిమాలాల. అది ఆరింటికి బస్సెక్కాల. నాను ఎలుగు రాకముందే సేలోకి ఎల్లిపోతాను. డబ్బా అయితే పాలు పోసీసి ఎల్లిపోవచ్చు. మీరు మంచి సమయం సూసే వచ్చినారు మా ఇంట్లోకి.

…లేదు, ఇప్పుడు నానే పెడతన్నాను. సేలోకి ఎండెక్కినాకే ఎల్తన్నాను. అంబలి, ఉల్లిపాయ, ఒక గుడ్డు. ఒక్కోరోజు సద్దన్నంలో మజ్జిగ. అన్నీ సేసి ముందర పెడతన్నాను. కానీ తినదు. అదే నా కంప్లైంటు.

…ఎందుకు తినదా? డబ్బా తెచ్చి నా ముందర పెడతాది. సదువొచ్చు కదా దానికి. ఏలెట్టి సదువుతాది. 'యాభై ఏళ్లుగా ఇదే అని నువ్వే రాసినావు కద నాన్నమ్మా' అంతాది. నాను కాదే అంటే… 'అక్కడున్న నువ్వు అబద్ధమా, ఇక్కడున్న నువ్వు అబద్ధమా?' అని అడిగినాది.

…ఆ. ఎనిమిదేళ్ల గుంట.

…బడిలో అందరికీ సెప్పుకుంది, మా నాన్నమ్మే అని. ఇప్పుడు డబ్బాదంతా అబద్ధమంటే దాని మాటా పోతాది. డబ్బా మీద అచ్చయ్యింది, లారీ మీద అతికించింది, కొట్లో పేర్సింది. నాను ఒక్కదాన్నే నోటితో సెప్తన్నాను. ఏది నమ్ముతాది?

…ఎవురితోనో మాటాడతావా? ఎవురితో? …పెద్దసారా. అలగే, ఉంతాను.

…పాట పెట్టీసినాది. టింగుటింగుమని.

అమ్మడూ… అక్కడ ఏటి సేస్తన్నావే? …కోడిపిల్లని ఒగ్గీ. ఇలా రా, ఈ కుండ పక్కన కూకో. కంపెనీతో మాటాడతన్నాను. …నిజం కంపెనీయేనే. రెండో శనివారం బడి నేదు కదా అని ఎండలో తిరగకు, మళ్లీ కళ్లు తిరుగుతాయి.

…హలో? ఆ, ఉన్నాను, ఉన్నాను. సెప్పు, ఏటన్నాడు మీ సారు?

…ఏడాది పొడుగునా డబ్బాలు ఫ్రీగా పంపుతారా?

…తల్లీ, ఇంతసేపూ నాను సెప్పింది ఎవురు ఇన్నారు? …మీ సారు ఇన్నేదు, సరే. ఒక పని సెయ్యండి. పంపితే కాళీ డబ్బాలు పంపండి. ఇత్తనం సోళ్లు పోసి దాసుకుంతాను. నా బొమ్మ కింద నా సోళ్లుంటే నాకు సిగ్గుండదు.

…టీవీలో ఏస్తారా? నన్నా? …వద్దమ్మా. డబ్బా మీద మాటాడకండానే ఇంత సేసినాను. టీవీలో నోరిప్పితే ఇంకేటి అవుతాదో.

…బొమ్మ తీసీమనే అడుగుతన్నాను. …ఎన్నాళ్లు? …అచ్చయిన డబ్బాలన్నీ అమ్ముడయ్యేదాకా తియ్యరా. అంటే అమ్ముడవడానికి నా మొకం కావాల, నా మొకం పోడానికి అమ్ముడవ్వాల. బాగుంది.

…ఏటన్నావు?

…మళ్లీ అను. ఇప్పుడేటన్నావు? 'ఏటి సెయ్యనత్తా' అన్నావు! ఇంతసేపూ మేడం, ఏమిటండీ, చెప్పండి. ఇప్పుడు ఏటత్తా! ఏ ఊరే నీది?

…భావనపాడా!

ఓలమ్మ! మన టెక్కలి అవతల భావనపాడా? …సముద్రం పక్కనే. మరి ముందే సెప్పవేటే! …మాటాడకూడదా అలగ? ట్రైనింగిచ్చినారా మాటకి కూడా? మీయోళ్లకి మాటలో కూడా తొమ్మిది పాళ్లే ఉంచడం అలవాటల్లే ఉంది.

…మీ నాన్న ఏటి సేస్తాడు? …ఏటకెల్తాడా. పడవుందా? …తెల్లారకముందే ఎల్లిపోతాడు కదా, ఏటి తినెల్తాడు? …సద్దన్నం, నిన్నటి సేపల పులుసు. మరి! ముప్పై గ్రాములు తిని వల లాగమను సూద్దాం.

…నువ్వేటి తింతన్నావు అక్కడ? …ఇదేనా? …ఆఫీసులో ఫ్రీగా ఇస్తారా. …మరి కడుపు నిండుతాదా? …పదింటికి ఆకలేస్తాదా. …అప్పుడేటి సేస్తావు? …బిస్కట్లు. సూడు మరి. మా గుంటకి ప్రార్థన కాడ కళ్లు తిరిగినాయి, నీకు ఫోను కాడ తిరుగుతాయి.

…నువ్వు గదిలో ఒక్కదానివే ఉంతావా? పొయ్యుందా? …అయితే ఇను. రాసుకోనక్కర్లేదు, రికార్డు అవుతంది కద, మీ సారుకీ పనికొస్తాది. రేతిరి పడుకునే ముందు రెండు గరిటెల సోళ్ల పిండి నీళ్లలో కలిపి ఒగ్గీ. తెల్లారికి కాస్త పులుస్తాది. గుప్పెడు నూకలు ఉడకబెట్టి, అందులో ఈ పిండి పోసి, అడుగంటకండా కలుపుతా ఉండు. ఉండలు కడితే సచ్చినా ఇడిపోవు. దించి సల్లార్చి మజ్జిగ, ఉప్పు. ఉల్లిపాయ కొరుక్కో. మీ నాన్న ఎండుసేపలు, మెత్తళ్లు పంపితే అవి నంజుకో. …కాయడానికి టయిం నేకపోతే ముందురోజు అన్నంలో మజ్జిగ పోసుకుని ఒక గుడ్డు ఉడకబెట్టుకో. అదీ నేకపోతే ఏపిన శనగలు, అరటిపండు. మరీ గొప్పవేటీ కాదమ్మా, కడుపు మోసం సెయ్యనివి, అంతే.

…ఏడుస్తన్నావా ఏటి? …జలుబా. సరే, జలుబే అనుకుందాం.

…సూడు అనూరాధా. నాకు డబ్బాలొద్దు. టీవీ ఒద్దు. బొమ్మ తియ్యడం నీ సేతిలో నేదని కూడా అర్థమయింది. ఒక్క పని సేసిపెట్టు. మా అమ్మడు నా పక్కనే కూకునున్నాది. దానికి ఫోనిస్తాను. 'మీ నాన్నమ్మ ఈ డబ్బా ఎప్పుడూ తిన్నేదు, మీ నాన్నమ్మ సెప్పింది అంబలి గురించే, మేమే ఆ మాట కోసీసినాం' అని సెప్పు. అంతే. నాను సెప్తే ముసిల్దాని మాట. డబ్బా అచ్చేసినోళ్లు సెప్తే నమ్ముతాది.

…సెప్పకూడదా?

…రికార్డు అవుతాదా. …ఇంటారా మీ సారోళ్లు? …అలగా.

…అయితే ఒద్దులే తల్లీ. …కాదు కాదు, కోపం నేదు. నిజంగా నేదు. మా గుంటకి మాట నిలబెట్టడానికి నీ ఉద్యోగం పోగొట్టుకోమని నానెలగంతాను? నీకూ అమ్మా నాన్నా ఉన్నారు. ఒద్దు. నాను ఇంకెలగో సెప్పుకుంతాను. ఆ సీమల్ని సూపిస్తాను దానికి. …ఆ, ఉంతాను మరి. పదింటికి ఆకలేస్తే బిస్కట్లు మాను. ఆరోగ్గెం జాగర్త.

…ఏటీ?

…ఇమ్మంతావా? …ఎవురికి? …అమ్మడికా?

…మరొక్కసారి ఆలోసించుకో తల్లీ. …మీ సారు పక్కనే ఉన్నాడా? …అలగే. అలగే. ఒక్క నిముసం.

అమ్మడూ, ఇలా రా. దగ్గిరికి రా. ఈ డబ్బా కంపెనీ అక్క నీతో మాటాడతాదంట. …భయమేటే, మనోళ్లే, భావనపాడు. …ఇదిగో, స్పీకరేసినాను. సెప్పు అనూరాధా. ఇంటన్నాది.

…

…

…ఇన్నావా?

…మళ్లీ సెప్పమంతన్నావా? తల్లీ, మళ్లీ సెప్పమంతన్నాది. ఒక్కసారే. …ఆ.

…

…ఏటే అలగ సూస్తన్నావు నాకేసి? …నాను అప్పుడే సెప్పినాను కదే. నాను అబద్ధమాడనేదు. డబ్బా మీద ఉన్నదీ నానే, ఇక్కడున్నదీ నానే, మధ్యలో నా మాట కోసీసినారు. …ఆ, బడిలో కూడా అలగే సెప్పు. మా నాన్నమ్మ డబ్బా మీదుంది గాని డబ్బాలో నేదు అని సెప్పు.

అనూరాధా… నీ రుణం నాను… హలో? …తల్లీ? …హలో?

ఆగాగు, ఎవురో మాటాడతన్నారు. మిషను గొంతల్లే ఉంది. …అమ్మడూ, నువ్విను, ఏటంతన్నాది? …మా ప్రతినిధి సేవ మీకు ఎలా అనిపించింది… ఒకటి నుంచి అయిదా? ఏది పెద్దది? …అయిదు. అయిదు నొక్కు. …గట్టిగా నొక్కే, ఆ పిల్ల ఉద్యోగం దాని మీదే ఉన్నాది. …పడ్డాదా? ఇంకోసారి నొక్కు. …ఒకసారే నొక్కాలంతందా? నువ్వు నొక్కీ, ఏటవుతాదో సూద్దాం.

…పెట్టీసినారా? సరే, ఫోనలా పెట్టు. అంబలి పోస్తాను, ఆ గళాసు తే. …అది కాదే, పెద్దది.